పొరుగువాని పొలములో దారి

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 20:14–21

ఇంగ్లాండులోని కాట్స్‌వోల్డ్ కొండల పల్లెలలో ఉదయమున పరుగెత్తువారు రాతిగోడల ప్రక్కను, గొఱ్ఱెల మేతబీళ్ల నడుమను సాగిపోవుదురు. ఆ నేల పరులది. దారి మాత్రము అందరిది. 1949వ సంవత్సరపు చట్టము అట్టి కాలిబాటలను పటములలో నమోదు చేయించి కాపాడెను. కాబట్టి ఆ దారిని పోవుటకు మనము ఎవరిని అడుగనక్కరలేదు.

అయితే హక్కు కలిగినవానికి బాధ్యత లేదా? బాటలో గేటు వచ్చును. అది మూసియున్న యెడల దాటి మరల మూయవలెను. తెరచియున్న యెడల తెరచియే విడువవలెను. మంద నీటికి పోవుటకై రైతే దానిని తెరచియుంచెనేమో! పరుగు మధ్య ఆగుట మనకు కష్టమే. గాని ఆగనియెడల నష్టము మనది కాదు, మనము ఎన్నడును చూడని ఆ రైతుది.

ఇశ్రాయేలీయులు ఎదోము రాజును దారి అడిగినప్పుడు, పొలములను ద్రాక్షతోటలను త్రొక్కమనియు, బావినీటిని సహా ముట్టమనియు మాట యిచ్చిరి. అయినను వారికి దారి దొరకలేదు. మనకో, అడుగకయే దొరకినది. వారు ఇచ్చిన మాటను మనము మఱచుట న్యాయమా?

ప్రియులారా, చట్టము మనకు దారి నియ్యగలదు గాని, ఎవరును చూడని గేటునొద్ద మనలను ఆపజాలదు. అక్కడ ఆపునది పొరుగువాని యెడల ప్రేమయే. మనము దాటివచ్చిన గేట్లు ఎట్లున్నవో ఒకసారి వెనుకకు తిరిగి చూచుకొందము.