జామీను: ఇచ్చే మాట ఎంత, దాని ధర్మం ఎంత

అరెస్టయినవాడికి జామీను ఉండటం పాపమా, పుణ్యమా అన్న ప్రశ్న మీద పల్లెల్లో రెండు వాదాలు వినిపిస్తాయి. వాడు తప్పు చేసినవాడైతే విడిపించినవాడికీ ఆ పాపంలో వాటా ఉంటుందన్నది ఒకటి. ఆపదలో ఉన్నవాడికి అండగా నిలబడటం కంటే పుణ్యం ఏముందన్నది రెండోది. రెండూ ఒకే పొరపాటు మీద నిలబడ్డాయి. జామీనుదారు ఆ మనిషి మంచితనానికి పూచీ పడుతున్నాడని రెండూ అనుకుంటాయి. అతడు కోర్టుకు ఇచ్చే మాట అంత పెద్దది కాదు. పిలిచిన రోజున ఈ మనిషి వస్తాడు, అంతవరకే.

ఈ తేడాను ధర్మశాస్త్రం ఎప్పుడో పట్టుకుంది. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయంలో పూచీని ప్రాతిభావ్యం అంటూ మూడు రకాలు చేశారు. మనిషిని హాజరుపరుస్తాననడం దర్శనం. ఇతడు నమ్మదగినవాడని చెప్పడం ప్రత్యయం. ఇతడు తీర్చకపోతే తాను తీరుస్తాననడం దానం. అవి ప్రధానంగా అప్పుల తగవుల కోసం పుట్టిన సూత్రాలే అయినా, మూడు మాటల బరువు మూడు రకాలని అంత స్పష్టంగా విడదీయడం గొప్ప సంగతి. ఆస్తి పంచుకోని అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, భార్యాభర్తలు ఒకరికొకరు పూచీ ఉండకూడదని కూడా ఆ స్మృతి అంటుంది. ఉమ్మడి ఆస్తికి అదే ఆస్తిని హామీగా చూపితే అది హామీ కాదు కదా. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలో తిక్కన శిష్యుడు కేతన 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

ఇస్లామీ ధర్మశాస్త్రం కఫాలాను మనిషికి పూచీ, సొమ్ముకు పూచీ అని రెండుగా విడదీసింది. బైబిలులోని సామెతల గ్రంథం పొరుగువాడికి పూచీపడినవాణ్ణి ఎలాగైనా తప్పించుకోమని హెచ్చరిస్తుంది. అది అప్పు పూచీ గురించి చెప్పిన జాగ్రత్త. గోల్కొండ చెరలో ఉన్న భద్రాచల రామదాసు కోసం రామలక్ష్మణులే వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించారన్న కథను కొందరు దేవుడు జామీను ఉన్నట్టు చెప్పుకుంటారు. యాజ్ఞవల్క్యుడి లెక్కలో అది దానం కిందికి వస్తుంది, దర్శనం కాదు. బాకీ తీరిపోయాక ఇక హాజరుకావలసిన వాయిదా ఏముంటుంది?

ఇక ఇప్పటి కోర్టుల సంగతికి వస్తే, అనకాపల్లి జిల్లాలోని చోడవరాన్ని చూద్దాం. చెరకు, బెల్లం మీద బతికే ఈ ప్రాంతంలో జామీను అంటే ముందుగా గుర్తొచ్చేది పట్టాదారు పాసు పుస్తకం. బెయిలు ఉత్తర్వులో నిందితుడి సొంత పూచీకత్తు, దానితోపాటు సాధారణంగా ఇద్దరు జామీనుదారుల పూచీకత్తు అడుగుతారు. పది వేల రూపాయల పూచీకత్తు అంటే పది వేలు కట్టడమని చాలామంది భయపడతారు. ఆ రోజు కట్టేదేమీ లేదు. మనిషి రాకపోతే కడతానని రాసిచ్చేదే అది. రైతు పాసు పుస్తకం, ఆధార్, ఫొటోలు పట్టుకుని బోనులో నిలబడితే మేజిస్ట్రేటు పేరు, ఊరు, భూమి వివరాలు, నిందితుడు ఏమవుతాడన్నది అడుగుతారు. ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నాడో కూడా అతడు చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 486వ సెక్షను ఆ వెల్లడిని తప్పనిసరి చేసింది. బెయిలబుల్ నేరమైతే ఇంత తతంగం అక్కర్లేదు, బెయిలు హక్కే. స్టేషన్ బెయిలు అని జనం అనేది దీన్నే. అలాంటి కేసులో అరెస్టయిన వారంలోగా జామీను తెచ్చుకోలేనివాణ్ణి పేదవాడిగా భావించి సొంత పూచీకత్తు మీదే వదలాలని 478వ సెక్షను చెబుతుంది.

అమెరికా సినిమాల్లో కనిపించే బెయిలు బాండ్ల కంపెనీ, రుసుము తీసుకుని నిందితుడి తరఫున పూచీ ఉండే వ్యాపారం, ఇక్కడ లేదు. అక్కడ కూడా ఇల్లినాయ్ రాష్ట్రం 2023లో డబ్బు బెయిలునే రద్దు చేసింది. ఇక్కడి రోగం వేరు: నిందితుడి ముఖం కూడా ఎరగకుండా, డబ్బు తీసుకుని సంతకం పెట్టే అద్దె జామీనుదారులు. కాగితం సక్రమంగానే ఉంటుంది, మాట ఇచ్చినవాడే ఉండడు. నిజానికి ఈ పద్ధతి ప్రాణం బంధుత్వంలో, పరిచయంలో ఉంది. వాడు పారిపోతే ఊళ్లో ఎవరికి తలవంపులో వాడే సరైన జామీనుదారు. కోర్టు మాత్రం ఆ తలవంపును ఎకరాల్లో కొలుస్తుంది.

ఆ కొలతలో భూమి లేనివాడు ఓడిపోతాడు. 1978 నాటి మోతీరామ్ కేసులో ఒక తాపీ మేస్త్రీకి పది వేల జామీను అడిగి, సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ పూచీని తోసిపుచ్చారు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. అంతకు కొద్ది నెలల ముందు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులోనూ, బెయిలు న్యాయమూర్తి ఇష్టాయిష్టాల సంగతి కాదని, వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించిన గంభీరమైన నిర్ణయమని ఆయన వివరించారు. బెయిలు వచ్చినా జామీను దొరక్క నెల దాటినవారి షరతులను సడలించే విషయం ఆలోచించాలని, స్థానిక జామీను పట్టింపు వల్ల విడుదల ఆలస్యమైతే ఆ షరతు వద్దని సుప్రీంకోర్టు 2023 జనవరిలో చెప్పింది. పాడేరు ఏజెన్సీ నుంచి మైదానానికి దిగే గంజాయి కేసుల్లో దొరికే పొరుగు రాష్ట్రాల కూలీలకు ఇది చాలా ముఖ్యం. చోడవరంలో వాళ్లకు పాసు పుస్తకం ఇచ్చేదెవరు? ఆ సరుకు ఇరవై కిలోలు దాటితే మాత్రం మాదకద్రవ్యాల చట్టం 37వ సెక్షను అడ్డు వస్తుంది. నిందితుడు దోషి కాడని, మళ్లీ నేరం చేయడని నమ్మేందుకు న్యాయమూర్తికి సహేతుకమైన కారణం కనిపించాలి. ఇక్కడ చట్టం దర్శనంతో ఆగక ప్రత్యయాన్నే అడుగుతోంది.

వకీలు సంగతీ ఇలాంటిదే. నేరస్థుడి తరఫున వాదించడం అధర్మమన్న మాట తరచూ వినిపిస్తుంది కానీ, క్లయింటు నిర్దోషి అని వకీలు పూచీ ఇవ్వడు. రుజువు చేయాల్సిన పని ప్రాసిక్యూషనుదని గుర్తు చేయడమే అతడి వృత్తి. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉంది కనుక, కేసు ఉన్న కోర్టులోనే క్రిమినల్ కేసులు నడిపేవాళ్లెవరో బార్ అసోసియేషనులో, ప్లీడరు గుమస్తాల దగ్గర వాకబు చేయడమే దారి. వకాల్తా మీద సంతకం పెట్టేముందు ఫీజు, వాయిదాల ఖర్చు తేల్చుకోవాలి. డబ్బు లేనివాళ్లకు న్యాయసేవల కమిటీ ఉచితంగా వకీలును ఇస్తుంది. కస్టడీలో ఉన్నవాడికి, ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేదు. న్యాయసేవల ఫోను నంబరు 15100.

నిందితుడు వాయిదాకు రాకపోతే పూచీకత్తు జప్తవుతుంది. కోర్టు జామీనుదారుకు నోటీసు ఇచ్చి సంజాయిషీ అడుగుతుంది, సొమ్ము తగ్గించే అధికారమూ దానికి ఉంది. వసూలు కాకపోతే ఆరు నెలల దాకా సివిల్ జైలు ఉండవచ్చు. మనిషి తీరు నచ్చకపోతే జామీనుదారు ముందే కోర్టుకు వెళ్లి తప్పుకోవచ్చు. అప్పుడు నిందితుణ్ణి రప్పించి కొత్త జామీను అడుగుతారు. పూచీకత్తు జప్తు కాకముందే జామీనుదారు చనిపోతే అతడి ఆస్తికి ఆ బాధ్యత ఉండదు, కొడుకుల దాకా రాదు. హాజరు పూచీ వారసులకు అంటదని యాజ్ఞవల్క్య స్మృతి పెట్టిన నియమమూ ఇదే. అక్కడ కొడుకుల మీద పడేది దానం పూచీ ఒక్కటే.