కాడి విప్పిన సారథి



వేసవి సెలవులు వచ్చినను మన పడమటి సీమలో పేదయింటి కళాశాల విద్యార్థులకు విశ్రాంతి యుండదు. మదనపల్లె, పుంగనూరు మండీలలో టమాటా రాసులు దిగు కాలమది. తెల్లవారకమునుపే క్రేట్లు దించుట, కాయలు ఏరుట, లెక్క వ్రాయుట, లారీలకెత్తుట మొదలగు పనులలో చేరుదురు. కుప్పము పిల్లలు కొందరు ఉదయపు రైలున బెంగుళూరికి పోయి, ఏ అంగడిలోనో పనిచేసి, రాత్రికి ఇల్లు చేరుదురు. రాబోవు సంవత్సరపు రుసుము ఆ రెండు నెలల కష్టమునుండియే రావలెను. అట్టి పిల్లవానికి టైఫాయిడు వచ్చి విడిచినది. కాళ్ళలో సత్తువ యింకను చేరలేదు. పనికి పిలుపు వచ్చినది. పోనియెడల రుసుము లేదు. పోయినయెడల జ్వరము తిరుగబెట్టునను భయము. "పడుకొనియుండుట సోమరితనము కాదా స్వామీ? కర్మ చేయుమనియే గదా గీత చెప్పుచున్నది" అని మదనపల్లెలో ఒక విద్యార్థి నన్నడిగెను.

ఉచితమైన ప్రశ్నయే. గీత చెప్పినవాడే దీనికి చేతలతో సమాధానము చూపినాడు.

భారతయుద్ధమున పదునాల్గవ దినము. సూర్యుడస్తమించులోగా సైంధవుని చంపెదనని, చంపలేనిచో అగ్నిప్రవేశము చేసెదనని అర్జునుడు ప్రతిన పూనెను. అంతకు మించిన తొందర పని ఏ మండీలో నుండును? ప్రొద్దు పడమటికి వాలుచున్నది. సైంధవుడింకను దూరమున నున్నాడు. రథాశ్వములు ఒడలెల్ల బాణములు నాటి, దప్పికతో డస్సియున్నవి. వానిని విప్పుట మేలని అర్జునుడు తలపోయగా శ్రీకృష్ణుడు సమ్మతించెను. శత్రుసేనల నడుమ రథము నిలిచినది. త్రాగుటకు నీరు లేదనగా పార్థుడు అస్త్రముతో నేలను భేదించి సరస్సు కల్పించెను. బాణములతో ఒక శాలయు కట్టెను. జగన్నాథుడు గుర్రములను కాడినుండి విప్పి, తన చేతులతోనే ములుకులు పెరికి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, కడిగి, మేపి, అలసట తీరిన పిదపనే మరల పూన్చెను. ఆ సాయంకాలమే సైంధవుడు కూలెను. మన పటములలో ఎల్లప్పుడు పరుగెత్తు రథమునే చిత్రింతురు గాని, ఈ ఘట్టమును చిత్రించిన పటమేదియు నా కంటబడలేదు.

ఇందొక విశేషము కలదు. గుర్రములు సేదదీరునంతసేపు అర్జునుడు కూర్చుండలేదు. రథము దిగి, మీదికి వచ్చు సేనలను ఒంటరిగా అడ్డగించెను. కోలుకొనుచున్న పిల్లవాడు తన్ను తానే కాచుకొనలేడు. తండ్రియో, అన్నయో, మండీ యజమానియో ఆ అర్జునుని స్థానమున నిలువవలెను. బరువెత్తు పని తప్పించి లెక్కల పుస్తకము చేతికిచ్చిన యజమాని చేయునది భగవత్కైంకర్యమేయని నా తలంపు.

జ్వరము విడిచినవాడు బలము చేకూరువరకు వ్యాయామమును, అధికముగా తిరుగుటను మానవలెనని చరకసంహిత శాసించుచున్నది. టైఫాయిడు తగ్గిన కొన్ని వారములకు మరల రావచ్చుననియు, మందులను నడుమ మానరాదనియు నేటి వైద్యులు చెప్పుదురు. మదనపల్లె ప్రక్కనే ఆరోగ్యవరమున్నది గదా! 1915లో అచట క్షయరోగుల శానిటోరియము ప్రారంభమైననాటికి ఆ వ్యాధిని కుదుర్చు మందే లేదు; స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంతవరకు మంచిగాలి, పుష్టినిచ్చు ఆహారము, విశ్రాంతి, ఇవియే ప్రధాన చికిత్స. ఆ ఊరి పొరుగువారే విశ్రాంతిని సోమరితనమని శంకించుట చిత్రము.

ఇక వ్రతముల మాట. జ్వరము తగ్గగానే బిడ్డచేత ఏకాదశి ఉపవాసము చేయించి, అలిపిరి మెట్లెక్కించి మొక్కు తీర్చవలెనని ఆత్రపడు తల్లులు కలరు. నీరు, దుంపలు, పండ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువు మాట, ఔషధము అను ఎనిమిదియు వ్రతమును చెరుపవని మహాభారతమే చెప్పుచున్నది. ఏకాదశినాడు పాలు త్రాగి మాత్ర వేసికొన్న బిడ్డకు దోషమేమియు లేదు. వైద్యుడు అన్నము తినుమన్నచో పెట్టవలెను. అలిపిరి మెట్లు 3,550. మొక్కునకు గడువు పెట్టినది మనమే గాని స్వామి కాదు. ఇప్పటికి బస్సున కొండకు పోయి దర్శనము చేసికొని రండు. మెట్ల మొక్కును ధనుర్మాసమునకు ఉంచుకొనుడు. అప్పటికి కాళ్ళకు బలము వచ్చును. దారిలో ఎండయు అంతగా నుండదు.