కనని బిడ్డపై హక్కు

కనని బిడ్డను తన దగ్గరే ఉంచమని ఒకరు అడిగితే, కన్నవారి హక్కుకు ఎదురుగా ఆ కోరిక దేని మీద నిలబడుతుంది? ఈ తగవును నేరుగా పట్టుకున్న ప్రాచీన కథ ఐతరేయ బ్రాహ్మణంలోని శునశ్శేపోపాఖ్యానం.

హరిశ్చంద్రుడు వరుణుడికి మొక్కి కన్న కొడుకు రోహితుడు. ఆ మొక్కు తీర్చడానికి తానే బలి కావలసి వచ్చేసరికి, తనకు బదులు ఇంకొకణ్ణి వెతుక్కున్నాడు. అడవిలో ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడికి ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి తండ్రి ఇవ్వనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి ఇవ్వనంది. నడిమివాడు శునశ్శేపుడు నూరు ఆవులకు అమ్ముడుపోయాడు. యూపస్తంభానికి కట్టేవారు దొరక్కపోతే, ఇంకో నూరు ఆవులకు తండ్రే కట్టాడు. చంపేవారు దొరక్కపోతే, మరో నూరు పుచ్చుకుని కత్తి నూరుకుంటూ వచ్చాడు. దేవతలను స్తుతించగా కట్లు వీడిన పిల్లవాడు, ఆ యాగంలో హోతగా ఉన్న విశ్వామిత్రుడి ఒడిలో వెళ్లి కూర్చున్నాడు.

అప్పుడు అజీగర్తుడు తన కొడుకును తనకిమ్మన్నాడు. దేవతలు ఇచ్చినవాణ్ణి ఇవ్వనన్నాడు విశ్వామిత్రుడు. తండ్రి వంశం పేరెత్తాడు, తాతముత్తాతల దారి విడవొద్దన్నాడు, చేసిన పాపానికి కుమిలిపోతున్నానని ఆవులన్నీ కొడుక్కే ఇవ్వబోయాడు. శునశ్శేపుడు లొంగలేదు. ఒకసారి ఇంతపని చేసినవాడు మళ్లీ చేస్తాడని, ఇక ఇది అతకదని తేల్చేశాడు. చివరి మాట పెద్దలిద్దరిదీ కాదు, బిడ్డది. కన్నహక్కుకు పుట్టుకలో ఏ లోటూ లేదు, కత్తి పట్టిన క్షణాన అది పోయింది. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరిచ్చి కొడుకులందరికీ జ్యేష్ఠుణ్ణి చేశాడు. ఒప్పుకోని యాభైమంది కొడుకులను శపించాడు. వారి సంతతిగా ఆ గ్రంథం చెప్పిన జాతుల్లో ఆంధ్రులు ఉన్నారు. ఆంధ్రుల పేరు కనిపించే తొలి ప్రస్తావనగా పండితులు చూపేది దీన్నే. తెలుగువారు ఈ కథను మరవకూడదు.

మహాభారతం ఉద్యోగపర్వంలో కృష్ణుడు జన్మరహస్యం చెప్పి పాండవుల వైపు రమ్మన్నప్పుడు, కర్ణుడు తన పెంపకం ముచ్చట్లు చెప్పాడు. తన మీద ప్రేమతో పెంచిన తల్లి రాధకు పాలు చేపుకొచ్చాయి. మలమూత్రాలు ఎత్తింది ఆమె. పెంచిన తండ్రి అధిరథుడు జాతకర్మ చేయించాడు, పేరు పెట్టించాడు, పెళ్లి చేశాడు. ఇవన్నీ చేతలు. పెంచినవారి తరఫున ఇంతకన్నా గట్టి సాక్ష్యం దొరకడం కష్టం.

అయినా పెంపకం ఒక్కటే అన్నిటినీ తేల్చదు. కంసవధ తర్వాత భాగవతంలో కృష్ణుడు తనను పెంచిన నందుడితో ఒక మాట అంటాడు. పోషించి కాపాడలేక బంధువులు విడిచిన పసివాళ్లను సొంత బిడ్డల్లా సాకినవారే తల్లిదండ్రులని ఆ మాట సారం. ఆ మాట అన్నవాడే మథురలో ఉండిపోయాడు. అతని కన్నతల్లి దేవకి బిడ్డను వదులుకోలేదు, కంసుడి చెర వదులుకునేలా చేసింది. అజీగర్తుణ్ణీ ఆమెనూ ఒకే గాటన కట్టడం ఘోరం. పేదరికానికో భయానికో బిడ్డ దూరమైన తల్లి హక్కును పెంచినవారి ప్రేమ, ఎంత నిజమైనదైనా, చెరిపేయలేదు.

బిడ్డను ఇవ్వడానికి, అమ్మడానికి, విడవడానికి తల్లిదండ్రులకు అధికారం ఉందని వసిష్ఠ ధర్మసూత్రం చెప్పింది. అక్కడ బిడ్డ ఆస్తి. నేటి చట్టం ఆ దారి విడిచింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బంధువే కాదు, మైనర్‌కు స్నేహితులైనవారు కూడా సంరక్షకత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. ఊహ తెలిసిన పిల్లల ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు. మైనర్ క్షేమమే ముఖ్యమని 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం నిర్దేశించింది. 2008లో, భార్య మృతి కేసులో నిందితుడైన తండ్రికి కాక, అమ్మమ్మ తాతయ్యలకే సుప్రీంకోర్టు ఒక బాలుణ్ణి అప్పగించింది. పిల్లవాడి ఇష్టాన్ని కింది కోర్టులు సరిగా చూడలేదని తప్పుపట్టింది. దేవకి లాంటి తల్లులకూ చట్టంలో చోటుంది. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులు మనసు మార్చుకోవడానికి 2015 నాటి బాలల న్యాయ చట్టం రెండు నెలల గడువు ఇస్తుంది. అది దాటాకే ఆ బిడ్డను దత్తతకు అర్హుడిగా ప్రకటిస్తారు.