ఏడో ఇల్లు

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మా మెట్ల కింద పాత గోనెసంచుల మధ్య నాలుగు కూనలు కనబడ్డప్పుడు ఆ మాటే గుర్తొచ్చి ముట్టుకోలేదు. బొడ్డు కూడా రాలలేదు వాటికి. ఒక్కొక్కదాన్నే మోసుకుపోతోందేమో, మనం దూరంగా ఉంటే వచ్చి మిగతావాటినీ తీసుకెళ్తుందిలే అనుకున్నాం. సాయంత్రం పాలబ్బాయి చెప్పాడు, సందు చివర తల్లిపిల్లి లారీ కింద పడి పోయిందని. అప్పటికే కూనల అరుపు సన్నగిల్లింది.

అలా మాదే ఏడో ఇల్లయింది.

చేతిలోకి తీసుకుంటే చల్లగా తగిలాయి. మా ఆవిడ అప్పటికే గిన్నెలో ఆవుపాలు వెచ్చబెట్టింది. పశువుల డాక్టరుగారు ఫోన్లోనే కేకలేశారు: "ముందు ఒళ్ళు వెచ్చబడనివ్వండి మహాప్రభో!" చల్లబడ్డ కూనకు పాలు అరగవట. పైగా ఆవుపాలు పడితే విరేచనాలు. వేణ్ణీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి పక్కన పెట్టాం. పిల్లికూనల పాలపొడి తెప్పించి కలిపి, సిరంజితో బొట్టుబొట్టుగా పట్టాం, అదీ బోర్లా ఉంచే. వెల్లకిలా పట్టుకుంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. రెండు మూడు గంటలకోసారి, రాత్రనక పగలనక. తాగాక ఇంకో పని. అంత చిన్న కూనలు వాటంతట అవి ఉచ్చ కూడా పోయలేవు, తల్లి నాకాల్సిందే. తల్లి నాలుకకు బదులు గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన దూది. అరవై ఏళ్ళు దాటాక ఈ విద్య నేర్చుకున్నాను. ఒక్కోటీ వంద గ్రాములు ఉందో లేదో. రోజుకు పది గ్రాములైనా పెరగాలన్నారు. మా ఆవిడ తిట్టుకుంటూనే వంటింటి త్రాసు ఇచ్చింది.

మూడో రోజు రాత్రి రెండింటికి లేచి పాలు కలుపుతుంటే మార్జాల కిశోర న్యాయం మనసులో మెదిలింది. చిన్నప్పటినుంచీ వింటున్నదే. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకోవాలి, పట్టు దానిదే. పిల్లిపిల్ల ఏమీ చెయ్యదు. తల్లే మెడ పట్టి నోట కరుచుకుపోతుంది. శరణాగతి అంటే ఆ పిల్లిపిల్లలా ఉండటమని శ్రీవైష్ణవుల్లో తెంగలై శాఖ పెద్దలు చెబుతారు. ఎంత హాయైన మాట! ఇన్నేళ్ళూ దాన్ని కూన వైపు నుంచే విన్నాను. ఏమీ చెయ్యని నా కోసం ఎవరో నిద్ర మానుకుని కూర్చోవాలన్న సంగతి ఎన్నడూ తట్టలేదు. అయినా కూన బొత్తిగా ఏమీ చెయ్యదనీ అనలేం. కళ్ళు విడకపోయినా, చెవులు విచ్చకపోయినా అరుస్తుంది. ప్రార్థన గురించి నాకు అంతకు మించి తెలియదు.

ఆ తెంగలై సంప్రదాయానికి పెద్దదిక్కు పిళ్ళై లోకాచార్యులు. 14వ శతాబ్దంలో ఢిల్లీ సేనలు శ్రీరంగం మీద పడేనాటికి ఆయన పండు ముసలి. అంతా భగవంతుడే చూసుకుంటాడని నమ్మిన ఆ పెద్దాయన, శ్రీరంగనాథుడి ఉత్సవమూర్తి నంపెరుమాళ్‌ను వెంటబెట్టుకుని ఊరు దాటారు. మదురై దగ్గర జ్యోతిష్కుడి అనే ఊళ్ళో కన్నుమూశారు. మూర్తి ప్రయాణం మాత్రం ఆగలేదు. చేతులు మారుతూ, ఊళ్ళు మారుతూ తిరుమల చేరింది. అక్కడ ఆ మూర్తి తలదాచుకున్న చోటునే రంగనాయకుల మండపం అంటున్నాం. 1371లో తిరిగి శ్రీరంగం వెళ్ళింది. దర్శనం తొందరలో ఎన్నిసార్లు ఆ మండపాన్ని చూడకుండా దాటిపోయానో! స్వామికీ ఏడిళ్ళు తప్పలేదన్నమాట. మోసుకొచ్చిన తల్లి దారిలోనే పోతే, ఎవరెవరో తెలియని చేతులు అందుకున్నాయి.

నాలుగింటిలో ఒకటి అయిదో రోజు పోయింది. ఎందుకో డాక్టరుగారు చెప్పలేకపోయారు. నేనూ స్వామిని నిలదీయలేదు, ఆ పూట కాస్త అలిగాను, అంతే. పదో రోజుకు మిగిలిన మూడూ కళ్ళు తెరిచాయి.

ఈ రోజు మీరు జపానికి కూర్చున్నప్పుడు మెట్ల కింద నుంచో, గోడ అవతల నుంచో కూన అరుపు వినిపిస్తే, మాల పక్కన పెట్టి వెళ్ళి చూడండి. తల్లి వస్తుందేమో కాసేపు దూరం నుంచి కనిపెట్టి ఉండండి. రాకపోతే ముందు ఒళ్ళు వెచ్చబరచండి. పాలు తరవాత.