జోడు కొనేముందు ఊరూ పేరూ అడుగు

నాయనా, గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు ఒకసారి చూడు. పొద్దున్నే పరుగుకి ఒక జత, ఆఫీసుకి ఒకటి, పెళ్లిళ్లకి ఒకటి, సేల్‌లో సగం ధరకే వచ్చిందని ఇంకొకటి. తప్పు పట్టడం లేదులే. సంపాదించుకుంటున్నావు, కాలికి మంచిది తొడుక్కోవాలనుకుంటావు, న్యాయమే. నీది మంచి మనసనీ తెలుసు. కూరగాయలకి గుడ్డసంచీ పట్టుకెళ్తావు. బూట్ల డబ్బా మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటే వెతికి మరీ అదే కొంటావు. నా దిగులంతా నీ తొందర గురించే. ఆకు బొమ్మ చూశావు సరే, ఆ జోడు ఎవరు కుట్టారు, ఎక్కడ కుట్టారు, ఆ తోలు కడిగిన నీళ్లు ఎటు పోయాయి అని అడిగావా?

మనింటికి ఒక సంబంధం వచ్చిందనుకో. మధ్యవర్తి చాలా మంచి కుటుంబం అన్నాడని ఆ పూటే తాంబూలాలు పుచ్చేసుకుంటామా? ఊరేదో, ఎవరి తాలూకో, ఏం చేస్తారో నలుగురినీ కనుక్కుంటాం. ఊరు చెప్పడానికి నసిగినవాళ్ల గడప మళ్లీ తొక్కం. బ్రాండు విషయంలోనూ అంతే చెయ్యమంటున్నాను. పొగడ్త వినొద్దు, ఊరూ పేరూ అడుగు.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ఆ ఊళ్లు ఎక్కడో లేవు. పాలారు నది మన కుప్పం ప్రాంతం దాటి తమిళనాడులోకి పోతుంది. అక్కడ వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట అంతటా తోలు పదును చేసే టానరీలే. పచ్చితోలు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు. ఆ ఉప్పు కడగాలి, సున్నంలో నానబెట్టి వెంట్రుకలు తియ్యాలి, తర్వాత క్రోమియం లవణాలతో పదును చెయ్యాలి. ప్రతి మెట్టులోనూ నీళ్లే. ఆ నీళ్లు శుద్ధి కాకుండా ఏట్లోకీ పొలాల్లోకీ పోతే బావులు చెడతాయి, పంట చెడుతుంది. పాలారు గట్టు మీద జరిగింది అదే. అక్కడి జనం కోర్టుకెక్కితే 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. పాడుచేసినవాడే ఖర్చు భరించాలి, బాధితులకు పరిహారం కట్టాలి అంది. దేశంలో పర్యావరణ కేసులకి ఇవాళ్టికీ ఆ తీర్పు దారి చూపిస్తోంది.

తీర్పు వచ్చినంత మాత్రాన కష్టం తీరిపోలేదు. 2015 జనవరి ఆఖరున రాణిపేటలో టానరీల వ్యర్థజలాలు శుద్ధిచేసే చోట బురద నిలవుంచిన తొట్టి గోడ రాత్రివేళ కూలింది. పక్కనే టానరీలో పడుకున్న పనివాళ్ల మీద ఆ విషపు బురద విరుచుకుపడి పది మంది పోయారు. ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. నీళ్లు ఎటు పోయాయి అని నేనడిగేది ఏరు గురించే అనుకోకు నాయనా, ఆ ఏటి పక్కన పడుకున్న మనిషి గురించి కూడా. ఏరు పాడుచేసేవాడు మనిషిని బాగా చూసుకుంటాడని నమ్మకు.

తోలు సంగతి అలా ఉంచు. బూట్ల ఫ్యాక్టరీలో సోలుని పైభాగానికి అతికించే లైను దగ్గరికి రా. ఒకమ్మాయి బ్రష్షుతో జిగురు పూస్తుంది. పక్కమ్మాయి వేడిగా ఉండగానే నొక్కి పెడుతుంది. పొద్దస్తమానం అదే పని. ఆ జిగురులో టోలుయిన్, ఎన్-హెక్సేన్ లాంటివి ఉంటే ఆవిరి నేరుగా ఊపిరిలోకే పోతుంది. ఎన్-హెక్సేన్ ఆవిరి నెలల తరబడి పీలిస్తే ముందు కాలివేళ్లు, చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి, తర్వాత నడకే తడబడుతుంది. 1960ల్లో జపానులో ఇళ్లలో కూర్చుని శాండళ్లు అతికించే కుటుంబాల్లో ఈ నరాల జబ్బు బయటపడింది. నీ కాళ్లకి సుఖం ఇచ్చే జోడు ఇంకొకరి కాళ్లని మొద్దుబార్చకూడదు కదా. నీటితో చేసే జిగుర్లు ఉన్నాయి, గాలి లాగేసే ఫ్యాన్లు ఉన్నాయి. పెట్టాలంటే ఖర్చవుతుంది. అడిగేవాళ్లుంటేనే ఆ ఖర్చు పెడతారు.

అడిగితే మారతారా అంటావు. మారారు నాయనా. వియత్నాంలో నైకీకి బూట్లు చేసే ఒక ఫ్యాక్టరీ తనిఖీ నివేదిక 1997లో బయటికి పొక్కింది. గాలిలో రసాయనాలు హద్దు మీరి ఉన్నాయనీ, పనివాళ్లలో చాలామందికి శ్వాస ఇబ్బందులున్నాయనీ అందులో ఉంది. అమెరికాలో కాలేజీ పిల్లలు, అచ్చం నీ ఈడువాళ్లు, ఊరుకోలేదు. మా కాలేజీ పేరుతో అమ్మే సరుకు ఎక్కడ చేయించారో చెప్పండని పట్టుబట్టారు. 1998లో నైకీ అధిపతి ఫిల్ నైట్ లోకం ముందుకొచ్చి, బూట్ల ఫ్యాక్టరీల్లో పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లని తీసుకోబోమనీ, లోపలి గాలిని అమెరికా ప్రమాణాలకి తెస్తామనీ మాటిచ్చాడు. 2005లో ఆ కంపెనీ తన ఫ్యాక్టరీల పేర్లూ చిరునామాలూ బయటపెట్టింది. అంతటితో అంతా చక్కబడిందని చెప్పను. కానీ పేరూ ఊరూ బయటికొస్తేనే పనివాళ్ల సంఘమో విలేకరో వెళ్లి తలుపు తట్టగలరు. అందుకే మొదటి ప్రశ్న అదే: ఎవరు కుట్టారు, ఎక్కడ కుట్టారు?

ఇవాళ అడిడాస్ కూడా ఆ జాబితా ఇస్తుంది. వాళ్లకి బూట్లు చేసే అపాచీ ఫ్యాక్టరీ ఎక్కడుందో తెలుసా? మన తడ దగ్గర మాంబట్టులో. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వేలమంది అందులో పనిచేస్తున్నారు. కొందరిళ్లలో నెలాఖరుకి చేతికొచ్చే నగదు ఆ జీతమే. కాబట్టి ఎక్కడైనా ఒక తప్పు విన్నావని ఆవేశపడి ఆ బ్రాండే వద్దనేసి చేతులు దులుపుకోకు. ఆర్డర్లు ఆగితే ముందు రోడ్డున పడేది ఆ పిల్లలే. కొను, కొంటూనే అడుగు. సరైన జీతం ఇస్తున్నారా, ఓవర్‌టైమ్‌కి చట్టం చెప్పిన రెట్టింపు కూలి ఇస్తున్నారా, సంఘం పెట్టుకోనిస్తున్నారా అని అడుగు. కొనేవాడు అడిగే ప్రశ్నకి విలువెక్కువ.

మన దేశపు కంపెనీలదీ చూడొచ్చు. మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి ఏటా బీఆర్‌ఎస్‌ఆర్ అనే నివేదిక ఇవ్వాలని సెబీ నిబంధన. బాటా ఇండియా, రిలాక్సో లాంటివి అందులోకి వస్తాయి. వార్షిక నివేదికలోనే ఉంటుంది, ఉచితం. కనీస వేతనం దగ్గరే ఆగినవాళ్లెందరు, అంతకన్నా ఎక్కువ అందుకునేవాళ్లెందరు, పర్మనెంటెవరు, కాంట్రాక్టెవరు, ప్రమాదాలెన్ని, లైంగిక వేధింపుల ఫిర్యాదులెన్ని, నీళ్లెన్ని వాడారు, అన్నీ అంకెల్లో ఉంటాయి. ఫోన్ కొనేముందు గంటలు గంటలు రివ్యూలు చూస్తావే, దీనికి ఒక అరగంట పెట్టలేవా? కిందటేడాదిదీ తీసి పక్కన పెట్టుకో. కాంట్రాక్టువాళ్లు పెరిగి పర్మనెంటువాళ్లు తగ్గుతుంటే అర్థం చేసుకో.

గుర్తులు చూసి కూడా మోసపోకు. డబ్బా మీద ఐఎస్‌ఐ గుర్తు జోడు నాణ్యత గురించి చెబుతుంది, కుట్టినవాళ్ల గురించి కాదు. లెదర్ వర్కింగ్ గ్రూప్ ఇచ్చే గోల్డ్, సిల్వర్ గుర్తింపు టానరీలో నీళ్లు, రసాయనాలు, కరెంటు ఎలా వాడారో ప్రధానంగా చూస్తుంది. కుట్టే మనిషి జీతం అందులో వెతక్కు. వీగన్ లెదర్ అని రాసుంటే చాలాసార్లు అది పాలియురెథేనో పీవీసీయో, అంటే ప్లాస్టిక్కే. వెనకటికి తంగేడు చెక్క, కరక్కాయలతో తోలు పదును చేసేవారు. అది క్రోమియం కన్నా నయమే, దానికీ నీళ్లు కావాలి. ఒక్క మాట చూసి అంతా మంచిదే అనుకోవద్దు. ఇంకొకటి. ఫ్యాక్టరీ జాబితాలో పేరున్నా, పైభాగం కుట్టే పని ఆంబూరు చుట్టుపక్కల ఇళ్లలో ఆడవాళ్లకి జతకింత అని ఇస్తారు. వాళ్ల పేర్లు చాలా జాబితాల్లో కనిపించవు. ఇళ్లలో కుట్టేవాళ్ల లెక్క చెప్పమని అడుగు. ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబిచ్చే బ్రాండుని గౌరవించు.

ఇవన్నీ చేశాక కూడా అన్నిటికన్నా పెద్ద మంచిపని ఒకటుంది. తక్కువ కొను, ఎక్కువకాలం తొడుగు. 2013లో ఎంఐటీ పరిశోధకులు మామూలు రన్నింగ్ షూ ఒక జతని విప్పి లెక్కగడితే 65 భాగాలు, 360 పనులు తేలాయి. దాదాపు 14 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైన వాయువులు వెలువడతాయని తేల్చారు. అందులో మూడింట రెండు వంతులు తయారీ దగ్గరే. అంటే నువ్వు డబ్బా తెరిచేసరికే జరగాల్సింది చాలావరకు జరిగిపోయింది. ఇక నీ చేతిలో ఉన్నది ఆ జతని ఎన్నాళ్లు వాడతావన్నదే. తడిసిన బూట్లు ఎండలో మాడ్చకు, నీడన ఆరబెట్టు. ఒకే జత రోజూ తొడగకు, మార్చి మార్చి తొడుగు. సోలు ఊడితే పారెయ్యకు, వీధి చివర చెట్టుకింద కూర్చునే ఆయన దగ్గరికి తీసుకెళ్లు. షోరూములో రాసినంతా కట్టి, ఆయన దగ్గర పది రూపాయలకి బేరమాడకు. ఎవరు కుట్టారు అన్న ప్రశ్నకి నీ కళ్లముందే జవాబు చెప్పే మనిషి ఆయనొక్కడే. ఆయనడిగింది ఇచ్చెయ్యి.

మంచి చెయ్యాలని నీకుంది, ఆగే ఓపికే కాస్త తక్కువ. కార్టులో పెట్టిన జోడుని ఒక్క రాత్రి అలాగే ఉండనీ. పొద్దున లేచి ఎవరు కుట్టారు, ఎక్కడ కుట్టారు, నీళ్లు ఎటు పోయాయి అని ఆ కంపెనీకి మూడు ముక్కలు రాయి. జవాబొస్తే చదువు. రాకపోతే మళ్లీ రాయి. అప్పటికీ రాకపోతే, నాయనా, ఊరూ పేరూ చెప్పనివాళ్ల సరుకు మన గుమ్మంలోకి రానివ్వకు.