వాన నీటిపై హక్కు ఎంతవరకు?

అనంతపురం జిల్లాలో మా తాతగారి చేనులో పాత కుంట ఉంది. దాని మరవను అడుగు ఎత్తు పెంచుదామన్నాడు తమ్ముడు. ఎకరంపై ఒక్క సెంటీమీటరు వాన పడినా సుమారు 40 వేల లీటర్లు! మన చేలో కురిసింది మనదే కదా అంటాడు. కానీ మా మరవ పారితేనే దిగువ రైతు కుంట నిండుతుంది.

మదీనాలో హర్రా నీటి కాలువ గురించి హజ్రత్ జుబైర్ (రజి)కు, ఒక అన్సారీకి తగాదా వచ్చింది. తోట తడుపుకొని పొరుగువారికి నీరు వదలమని ఎగువనున్న జుబైర్ (రజి)కు దైవప్రవక్త (స) మొదట చెప్పారు. బంధువు గనుకే ఇలా తీర్పిచ్చారని అన్సారీ ఆక్షేపించాకే, నీరు గట్లకు చేరేదాకా ఆపుకొమ్మన్నారు. అంటే మొదటి మాట పూర్తి హక్కు కన్నా తక్కువే. ఆ పూర్తి హక్కుకూ గట్టే హద్దు!

మరవ పెంచలేదు, పూడిక తీయించాం. తాతగారు తవ్విన లోతు దాటలేదు.