కనబడకుండా వుండే హక్కు

మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. చేపలు పట్టి తినే పిల్లి ఒకటుందని ఎక్కడో చదివింది. సంక్రాంతి సెలవులకి కాకినాడ వచ్చినప్పుడు దాన్ని చూపించమని ఒకటే గొడవ. సరేనని కోరింగ మడ అడవికి తీసికెళ్ళాను.

గోదావరి సముద్రంలో కలిసేచోట ఉప్పునీళ్ళలో, బురదలో పెరిగే అడవి ఇది. 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. చెక్కబాట మీద నడుస్తుంటే రెండువైపులా తెల్లమడ వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి వుంటాయి. బురదలో గాలి ఆడదు కనక అలా పైకొచ్చి వూపిరి పీల్చుకుంటాయి. ఒక డెక్క మాత్రమే పెద్దదిగా వుండే మగ పీతల్ని, బురదమీద గెంతే చేపల్ని, కొంగల్ని చూశాం. బావురుపిల్లి మాత్రం కనబడలేదు. అది ఎక్కువగా రాత్రిళ్ళు తిరిగేది. పట్టపగలు, అంతమంది కేకల మధ్య కనబడితేనే ఆశ్చర్యం.

"అమ్మమ్మా, అది ఎక్కడో దాక్కుని మనల్ని చూస్తోందా?"

"చూస్తూ వుండొచ్చు."

"మరి మనకి కనబడదేం? టికెట్టు కొన్నాం కదా!"

నవ్వాను గానీ ఆ మాట నన్ను వదల్లేదు.

అప్పుడు నీళ్ళు పాటు మీదున్నాయి. కాలవలో ఇద్దరు ఆడవాళ్ళు నడుముదాకా దిగి, అడుగున చేతులతో తడుముతూ రొయ్యలు పడుతున్నారు. దొరికినవి పక్కన తేలుతున్న సత్తుగిన్నెలో వేస్తున్నారు. పిల్ల నా ఫోను తీసుకుని టకటకా ఫొటోలు తీసేసింది. ఒకామె మొహం తిప్పేసుకుంది. రెండో ఆమె నవ్వుతూనే, "మాకెందుకండీ ఫొటోలు? మేవేవన్నా జంతువులవా?" అంది.

సిగ్గేసింది. పిల్ల చేసినదానికి కాదు. ఇరవయ్యేళ్ళ కిందట మత్స్యకార స్త్రీల శ్రమ గురించి నేనొక వ్యాసం రాశాను. దాంతోపాటు చేపలగంప మోస్తున్న ఒకామె ఫొటో వేయించాను. ఆమె పేరు అడగలేదు. వేసుకోవచ్చా అనీ అడగలేదు. ఆమెని వెలుగులోకి తెస్తున్నానని మాత్రం గట్టిగా నమ్మాను.

స్త్రీలు కనబడాలని మనం చాలా పోరాడాం. అది అవసరమే. పడవా, వలా వున్న మగవాణ్ణి మత్స్యకారుడంటారు. చేత్తో రొయ్యలు పట్టే ఆమె పని ఇంటిపనిలో కలిసిపోతుంది. లెక్కలోకి రానివాళ్ళకి నష్టపరిహారం అడిగే దారి కూడా వుండదు. కానీ బస్సులో, వీధిలో, ఇష్టంలేని చూపు ఎంత బరువో మనకి తెలీదా? కనబడటం, చూడబడటం రెండూ ఒకటేనని నేనెప్పుడు అనుకోవడం మొదలుపెట్టాను?

బావురుపిల్లినీ లెక్కపెడతారు. అడవిలో కెమెరాలు అమర్చి, ఒంటిమీద మచ్చల్నిబట్టి ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. ఆ లెక్క లేకపోతే దాని తరఫున వాదించేవాళ్ళ చేతిలో ఏమీ వుండదు. కాబట్టి చూడటమే తప్పని అనలేను. ఎవరి మేలుకోసం చూస్తున్నామన్నది ఒక ప్రశ్న. అడిగామా అన్నది ఇంకో ప్రశ్న. పిల్లిని అడగలేం. అందుకే అది కనబడకపోతే దాని ఇష్టమనుకుని వెనక్కి రావాలి. ఆ స్త్రీలని అడగొచ్చు. అడగ్గలిగీ అడక్కపోవడమంటే వాళ్ళకి నోరు లేదనుకోవడమే.

ఇదంతా పిల్లకి ఎలా చెప్పాలో తెలీక, "ముందు అడగాల్సింది కదమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే ఫొటోలు తీసేసి, కమ్మీమీంచి వంగి, "సారీ ఆంటీ! ఏం దొరికాయి?" అని అరిచింది. మొహం తిప్పుకున్నామె గిన్నె కొంచెం వంచి చూపించింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో పిల్ల ఆ రొయ్యల గురించే మాట్లాడింది. పిల్లి సంగతి ఎత్తలేదు. నా వ్యాసం మాత్రం లైబ్రరీల్లో ఆ ఫొటోతో అలాగే వుంది. ఆమెని ఇప్పుడు ఎక్కడని వెతికి అడగను?